వదిన ఎకో రిపోర్టు నేను చదివాను

మా ఊళ్లో ఎవరింటికి ఆస్పత్రి కాగితం వచ్చినా అది మొదట నా దగ్గరికే వచ్చేది. రక్తపరీక్ష చీటీ కావచ్చు, ఎక్స్‌రే కవరు కావచ్చు, మందుల పట్టీ కావచ్చు. భోపాలపట్నం నుంచి బీజాపూర్ పోయే రోడ్డు పక్కన చిన్న ఊరు మాది. ఇళ్లల్లో తెలుగూ దోర్లీ కలిసిపోయి ఉంటాయి. సంతలో గోండి, హల్బీ. ఆఫీసుల్లో హిందీ. ఆస్పత్రి కాగితం మీద మాత్రం ఇంగ్లిష్. అక్కడిదాకా పోగలిగినవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసినవాడిలాగే నడిచేవాణ్ణి కూడా.

నాది బడిలో వచ్చిన చదువు కాదు. పదో తరగతి లెక్కల్లో ముప్పై ఒక్క మార్కులొచ్చి తప్పాను. ముప్పై మూడొస్తే పాస్. ఆ రెండు మార్కుల దగ్గర నా బడి ఆగిపోయింది. తర్వాత బీజాపూర్‌లో ఒక దర్జీ దగ్గర చేరి, కాజాలు కుట్టడంతో మొదలుపెట్టి కత్తిరింపు దాకా నేర్చుకున్నాను. ఆ దుకాణానికి నాలుగడుగుల్లో గ్రంథాలయం ఉండేది. మధ్యాహ్నం దర్జీ కునుకు తీసే గంటన్నర నాది. హిందీ పుస్తకాలు అక్కడే చదివాను. నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లిష్ కూడబలుక్కున్నాను. తెలుగు అక్షరాలు భోపాలపట్నంలో ఒక తెలుగు షావుకారి కొట్లో, వరంగల్ వైపు నుంచి రెండు రోజులు ఆలస్యంగా వచ్చే పేపరు మీద నేర్చుకున్నాను. పాము విషం రక్తాన్ని ఏం చేస్తుందో, చంద్రుడి మీద గుంటలెందుకున్నాయో నాకెవరూ చెప్పలేదు, నేనే వెళ్లి తెచ్చుకున్నాను. నువ్వు సంపాదించిందేమిటని ఎవరైనా అడిగితే ఇప్పటికీ అదే చెబుతాను. ఇప్పుడు మిషన్ సొంత ఊళ్లోనే పెట్టుకున్నా, బీజాపూర్ వెళ్లిన ప్రతిసారీ దారాలు కొనకముందు గ్రంథాలయంలో కూర్చుంటాను.

వదిన మా ఇంటికి వచ్చేనాటికి నాకు ఆరేళ్లు. అమ్మ పోయి ఏడాదైంది. అన్న నాకంటే పన్నెండేళ్లు పెద్ద. వదినకు అప్పటికి పదహారో పదిహేడో. ఆమె నన్ను పెంచింది. నేను పరీక్ష తప్పిన రోజు అన్న కర్ర తీస్తే ఆమె మధ్యలో నిలబడి, "తప్పింది లెక్కల్ల, బతుకుల గాదు" అంది. అప్పటి నుంచి నా చదువును అందరికంటే ఎక్కువ నమ్మింది ఆమే. నేను ఏదైనా పుస్తకంలో చూసింది చెబితే, చాటలో బియ్యం ఏరుతూనే, "ఇంగ?" అనేది. ఆ "ఇంగ?" కోసమే చదివినవి కొన్ని ఉన్నాయి.

రెండేళ్ల కిందటి చలికాలంలో ఆమె బోరింగు నుంచి బిందె తెస్తూ మధ్యలో కూర్చోవడం మొదలుపెట్టింది. సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక గోడకు ఒరిగి నిద్రపోయేది. గుండెజబ్బు గురించి నేను చదివి ఉన్నాను. ఛాతీలో నొప్పి, అది ఎడమచేతిలోకి పాకడం, చెమటలు. వదినకు నొప్పే లేదు. అందుకని ఇది గుండె కాదని నేనే తేల్చాను. మందుల షాపులో గ్యాస్ బిళ్లలు కొని తెచ్చింది కూడా నేనే. నెలన్నర తర్వాత బీజాపూర్‌లో ఒక డాక్టర్ ఆమె వీపు మీద చెవిగొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఈసీజీ తీయించాడు. గీదంలో బయటి డాక్టర్లు క్యాంపు పెడుతున్నారని, అక్కడ ఎకో తీయించుకోమని చీటీ రాశాడు.

ఎకో అంటే నాకు తెలుసు. గీదం బస్సులో దారి పొడవునా వదినకు అదే చెప్పాను. ఈసీజీ గుండెలోని కరెంటును గీస్తుంది, ఎకో గుండె కదలడాన్నే చూపిస్తుంది. మన చెవికందని ధ్వనిని ఒంట్లోకి పంపుతారు. అది లోపల తగిలి తిరిగి వస్తుంది. వచ్చే తీరును బట్టి మిషన్ బొమ్మ కడుతుంది. కోత లేదు, సూది లేదు.

"గబ్బిలం చీకట్ల ఎగిరేది గూడ అట్లనే వదినా. కూత ఏసి, అది మల్లొచ్చుడుతోని దారి పట్టుకుంటది."

"గబ్బిలాన్ని దెచ్చి నా రొమ్ముల దూరుస్తరా ఏంది?" అంది వదిన. ముందు సీట్లో ఎవరో నవ్వారు. ఆమె కొంగుతో మూతి కప్పుకొని తానూ నవ్వింది. నవ్వుకు కూడా ఆయాసం వచ్చింది.

అది మార్చి నెల. ఇప్పపూలు రాలే రోజులు. క్యాంపులో జనం వరండా దాటి ఎండలోకి నిలబడ్డారు. వదిన వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. తెర వెనక ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. నేను బయట నిలబడ్డాను. పావుగంట తర్వాత జాకెట్టు సర్దుకుంటూ, చల్లటి జిగట ఏదో పూశారని విసుక్కుంటూ వచ్చింది. ఎకో తీసిన అమ్మాయి కాగితం నా చేతిలో పెట్టి, "డాక్టర్ సాబ్ తీన్ బజే సబ్‌కా రిపోర్ట్ దేఖేంగే" అంది. డాక్టర్ మూడింటికి అందరి రిపోర్టులూ చూస్తాడు.

"మూడింటికా?" అంది వదిన. "రెండు గంటల బస్సు పోతె మల్ల రేపే గద. వాకిట్ల ఇప్పపూవు ఆరబోసి వచ్చిన. మొగులు జూడు ఎట్లున్నదో. మీ అన్న లేస్తడా, ఎత్తుతడా?"

ఆ మాటలో తప్పు లేదు. పదిహేను రోజులు చీకటి విడవకముందే లేచి ఏరిన పువ్వు అది. తడిస్తే నల్లబడి పురుగు పడుతుంది, సంతలో ఎవరూ ముట్టరు. అయినా నేను గట్టిగా ఉండమంటే ఆమె ఉండేదే. గీదంలో పండుకోవడానికి చోటు దొరక్కపోయేది కాదు.

"నీకు చదువొచ్చు గద తమ్మీ. అండ్ల ఏం రాసిండ్రో నువ్వే చెప్పరాదు."

బెంచీ మీద చుట్టూ జనం ఉన్నారు. కాగితం విప్పాను. గుండె బొమ్మ, గీతలు, మిల్లీమీటర్ల లెక్కలు. వాటి మధ్య ఒకే ఒక్క శాతం ఉంది. గుండె ఎడమ గది ఒక్కో దెబ్బకు ఎంత రక్తాన్ని బయటికి తోస్తుందో చెప్పే అంకె. దాన్ని ఈఎఫ్ అంటారని ఎక్కడో చూసిన గుర్తు. దాని ఎదురుగా ముప్పై ఆరు. అడుగున ఇంగ్లిష్‌లో రెండు వరుసలున్నాయి. సగం అర్థమయ్యాయి, సగం కాలేదు. కానివాటిని పట్టించుకోలేదు. నా కన్ను అంకె మీదే నిలిచింది. వందకు ముప్పై ఆరు. వందకు ఎంత వస్తే గట్టెక్కినట్టో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఆ వరండాలో ఎవరున్నారు?

"పాసే వదినా. ముప్పై మూడు దాటింది," అన్నాను. "ఫస్ట్ క్లాసేం గాదు. కొద్దిగ నీరసమున్నది గావచ్చు. మంచిగ తింటె పోతది."

"నువ్వు తప్పిన పరీచ్ఛ నా గుండె పాసయిందా అయితే!" అంది ఆమె. ఈసారి బెంచీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. రెండింటి బస్సెక్కాం. మేం ఇల్లు చేరేసరికి చినుకు పడలేదు. వదిన పువ్వంతా గంపల్లోకి ఎత్తింది.

అన్నకు సంగతి నేనే చెప్పాను. అన్న తక్కువ మాట్లాడతాడు. "మంచిదాయె," అని ఊరుకున్నాడు. ఆ కాగితాన్ని నేను ఇనుప పెట్టెలో భూమి పట్టాల కింద దాచాను.

మే నెలలో బీడీలు చుట్టే తునికాకు కోతకు వచ్చింది. పదిహేను ఇరవై రోజుల పని, ఊరంతా అడవిలోనే ఉంటుంది. తెల్లవారుజామున వెళ్లి ఆకు కోసి, మోపు నెత్తిన పెట్టుకొని ఇంటికి తెచ్చి, యాభై ఆకులకు ఒక కట్ట కట్టి, ఎండ వాలకముందే ఆకు కొనే కల్లంలో అప్పజెప్పాలి. వదిన మొదటి రోజు నుంచీ వెళ్లింది. నాలుగో రోజో ఐదో రోజో నేనూ వెంట వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు ఆమె మోపు దించి రాయి మీద కూర్చుంది. పెదాలు నల్లగా కనిపించాయి. అన్న ముందు నడుస్తున్నవాడు వెనక్కి తిరిగి, "డాక్టర్లు పాస్ జేసిండ్రు గాని నిన్ను నువ్వే ఫేల్ జేసుకుంటున్నవ్," అన్నాడు. కోపంగా కాదు, వేళాకోళంగానే. వదిన లేచి మోపు ఎత్తమన్నట్టు నా వైపు చూసింది. నేను ఎత్తి ఆమె నెత్తిన పెట్టాను.

ఈ రాతలో నాకు అన్నిటికంటే కష్టంగా ఉన్న వాక్యం అదే. ఆమెకు ఆయాసం వస్తోందని నేను చూశాను. కానీ ఆ ఆయాసం కంటే నేను చదివిన అంకె నాకు పెద్ద సాక్ష్యం. అంతకుముందు ఆమె "నాతోని గాదు" అంటే ఇంట్లో ఒక విలువుండేది. నేను పాస్ అన్నాక ఆ మాట అనడానికి ఆమెకు హక్కు లేకుండా పోయింది.

జూన్ చివర్లో బడిపిల్లల యూనిఫారాల కోసం దారాలు, గుండీలు కొనడానికి బీజాపూర్ వెళ్లాను. వాన మొదలైంది. గ్రంథాలయంలో నేనూ, కిటికీ దగ్గర ఉద్యోగ పరీక్షలకు చదువుకునే ఇద్దరు అమ్మాయిలూ ఉన్నాం. కింది అరలో ఆరోగ్యం మీద లావుపాటి హిందీ పుస్తకం ఒకటుంది, అట్ట ఊడిపోయి తాడుతో కట్టి ఉంటుంది. అందులో గుండె భాగం తీశాను. భయంతో తీయలేదు. ఊళ్లో ఇంకెవరైనా ఎకో కాగితం తెస్తే ఇంకా బాగా చెబుదామనే తీశాను.

గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుందని చదివాను. ఒక్కో దెబ్బకు అది తనలోని రక్తమంతా తోసెయ్యదని చదివాను. ఎంత ఆరోగ్యమైన గుండె అయినా కొంత లోపల ఉంచుకుంటుంది. వందలో యాభై ఐదు నుంచి డెబ్భై దాకా తోస్తే అది మంచి గుండె. వందకు వంద అనేది గుండెకు లేదు. నలభై కంటే తగ్గితే బలహీనమైన గుండె, మందులు వెంటనే మొదలుపెట్టాలి, బరువు పనులు మానాలి.

మళ్లీ చదివాను. వేలు పెట్టి చదివాను. కొలతలు రాసుకునే చీటీ వెనక ఆ అంకెలు ఎక్కించుకున్నాను, ఏదో మరిచిపోతానన్నట్టు. ఆ అమ్మాయిల్లో ఒకామె ఫ్యాను కట్టెయ్యమంటారా అని అడిగింది. చీటీని అరచేత్తో అదిమి పట్టుకొని ఉన్నాను, గాలికి ఎగురుతోందనుకుంది కాబోలు. దారాలు కొనకుండానే బస్సెక్కాను.

ఇంటికి వెళ్లి నిజం చెప్పాలి. చెప్పలేదు. "వానలు ముదరకముందు జగదల్‌పూర్‌ల పెద్ద డాక్టర్‌కు ఒకసారి చూపెడదాం," అన్నాను.

అన్న దుక్కిలో ఉన్నాడు. "పాసయిందంటివి గద, మల్లేంది?" అన్నాడు.

"పాదాల వాపు తగ్గుతలేదు గదన్నా."

విత్తనాలు వేసే రోజులు గనక అన్న రాలేదు. వదినా నేనూ వెళ్లాం. జగదల్‌పూర్ డాక్టరమ్మ చిన్న వయసుది, మాట నెమ్మది. ఎకో మళ్లీ తీసింది. తీస్తున్నప్పుడు నన్ను లోపలే ఉండమంది, వదినకు హిందీ అంతంతమాత్రం గనక. తెర మీద బూడిదరంగు మసకలో గుండె కదలడం మొదటిసారి చూశాను. మంచి గుండె గోడలు పిడికిలి బిగిసినట్టు లోపలికి రావాలని ఇప్పుడు నాకు తెలుసు. వదిన గుండె గోడలు, అలిసిపోయినవాళ్లు చెయ్యి ఊపినట్టు, కొద్దిగా కదిలి ఊరుకుంటున్నాయి. ముప్పై అంది డాక్టరమ్మ.

తర్వాత మార్చి కాగితాన్నీ ఈ కాగితాన్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. గుండె బలహీనపడిందని మార్చిలోనే స్పష్టంగా రాసి ఉంది, మూడు నెలలు మందులెందుకు వాడలేదు, ఎవరు వద్దన్నారు అని హిందీలో అడిగింది. అరవలేదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగింది.

"ఏమంటుంది తమ్మీ?" అంది వదిన.

ఆ గదిలో రెండు భాషలూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. డాక్టరమ్మ నా మొహం చూస్తోంది, వదిన నా మొహం చూస్తోంది. "కొంచెం ఆలస్యమయ్యిందంట," అన్నాను వదినతో. డాక్టరమ్మతో, "బస్సు పోతుందని డాక్టర్ని కలవకుండా వెళ్లిపోయాం" అన్నాను హిందీలో. రెండూ అబద్ధాలని ఎవరూ అనలేరు. రెండూ అబద్ధాలే.

ఒంట్లో నీరు తీసే బిళ్లలు, గుండె మీద భారం తగ్గించే బిళ్లలు రాసింది. గుండెకు రక్తం తెచ్చే నాళాలు పూడుకుపోవడం వల్ల కండ బలహీనపడిందా, లేక కండే చెడిందా తేల్చాలంది. పూడుకుపోయి ఉంటే వైద్యం ఒక తీరు, లేకపోతే ఇంకో తీరు. వాపు తగ్గాక రెండు వారాలకు సీటీ మిషన్‌లో గుండె నాళాల బొమ్మ తీద్దామంది. తొడలోంచో మణికట్టులోంచో తీగ దూర్చనక్కర లేదు. చేతి నరంలో మందు ఎక్కించి, మిషన్ కింద కొద్దిసేపు కదలకుండా ఊపిరి బిగబట్టి పడుకుంటే చాలు.

రెండు వారాల్లో వదిన పాదాలు మామూలయ్యాయి. చాలా రోజుల తర్వాత పడుకొని నిద్రపోయానని చెప్పింది. పరీక్షకు మళ్లీ మేమిద్దరమే వెళ్లాం. రక్తపరీక్ష చూశారు, నాడి నెమ్మదించడానికి బిళ్ల ఇచ్చారు. అది పనిచేసేదాకా వరండాలో కూర్చోమన్నారు. ఈలోగా ఆమెకు పది పన్నెండు సెకన్లు ఊపిరి పట్టడం నేర్పమని సీటీ తీసే అతను నాకు చెప్పాడు. ఊపిరి వదిలితే బొమ్మ చెదిరిపోతుంది, మళ్లీ మందు ఎక్కించాల్సి వస్తుంది.

వదిన నాలుగు లెక్కపెట్టేసరికి వదిలేస్తోంది. "ఊరికే ఊపిరి పట్టుమంటె ఎట్ల పడ్తరు తమ్మీ? నీళ్లల్ల మునిగిన్నా ఏంది?"

"ఎండుమిరపకాయలు దంచేటప్పుడు పట్టవా? ఘాటు లేస్తది గద, అప్పుడు పట్టినట్టు పట్టు."

ఆమె కళ్లు మూసుకుంది. చెయ్యి రోకలి పట్టినట్టు ముడుచుకుంది. నేను పది దాకా లెక్కపెట్టాను. పన్నెండు. అప్పుడు వదిలి, "దంచుడు అయిపోయింది," అంది.

ఆ మాట విన్నాక ఇక ఆగలేకపోయాను. గీదంలో కాగితం నేను తప్పు చదివానని చెప్పాను. ముప్పై ఆరు పాస్ కాదని, యాభై ఐదు దాటాలని, డాక్టరమ్మ మొన్న అడిగింది అదేనని, మార్చిలోనే మందులు మొదలుపెట్టాల్సిందని, మోపు నా చేతులతో ఎత్తి పెట్టానని. ఆమె మొహం చూడలేక, ఎదుటి గోడ మీద చెయ్యి కడుక్కోవడం నేర్పే బొమ్మను చూస్తూ చెప్పాను.

వదిన ముడుచుకున్న చెయ్యి విప్పి ఒళ్లో పెట్టుకుంది.

"నాకు ఎరికె," అంది. "అంకె గాదు. నా పానం నాకు ఎరిక గాదా? నువ్వు మంచిగుందంటివి. నాకు గూడ అదే గావాలె గద, పువ్వు ఎత్తాలె, ఆకు కొయ్యాలె. నువ్వు చెప్పినవని పోయిన."

నేను ఏదో అనబోయాను.

"నాకు జెప్పినవ్ సరే. మీ అన్న నమ్మిండు. ఆయనకు అబద్ధం ఆడుడు రాదు, ఎవలన్నా ఆడుతరని గూడ తెల్వదు. ఇంటికి పోయినంక ఆయనకు జెప్పు. నేను జెప్ప."

లోపలికి పిలిచారు. ఊపిరి పట్టమని చెప్పే గొంతు మిషన్‌లో ముందే ఎక్కించి ఉంది, హిందీలో. వదిన బెదిరిపోతుందని నేను అడిగితే, అతను ఒక క్షణం ఆలోచించి నన్ను అద్దం వెనక గదిలో మైకు దగ్గర నిలబెట్టాడు. అద్దం అవతల ఆమె పెద్ద తెల్ల చక్రంలోకి సగం వెళ్లి ఉంది, చేతులు తల మీదికి పెట్టి. పాదాలు మాత్రమే నాకు కనిపిస్తున్నాయి. అతను చెయ్యి పైకెత్తాడు.

"వదినా, ఒళ్లు వేడయితది, బుగులు పడకు. గాలి తీసుకో. పట్టు."

బల్ల జరిగింది. తెర మీద అంకెలు వెనక్కి నడిచాయి. ఆ పన్నెండు సెకన్లు నేనూ ఊపిరి తీయలేదు. అతను చెయ్యి దించాడు.

"ఇడువు వదినా."

సాయంత్రానికి డాక్టరమ్మ బొమ్మలు చూపించింది. చెట్టు కొమ్మల్లా పాయలుగా చీలిన నాళాలు గుండెను చుట్టుకొని ఉన్నాయి. ఎక్కడా అడ్డు లేదు. అన్నీ తెరిచే ఉన్నాయి. తీగ వెయ్యాల్సిన పని లేదు, ఆపరేషన్ లేదు. జబ్బు కండలోనే ఉంది. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరం వల్ల కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, అన్నిసార్లూ కారణం దొరకదంది. మందులే వైద్యం. జీవితాంతం.

ఈసారి వదిన అడగకముందే ప్రతి మాటా ఆమెకు చెప్పాను. తర్వాత నాకోసం ఒకటి అడిగాను. మార్చిలోనే మందులు మొదలుపెట్టి ఉంటే ఎలా ఉండేది? డాక్టరమ్మ కలం మూసి, "మేలే జరిగేది. ఎంత మేలో నేను చెప్పలేను," అంది. అది కూడా వదినకు చెప్పాను.

అన్నకు ఆ మర్నాడు పొలంలో చెప్పాను. నాగలి ఆపి విన్నాడు. మొత్తం విన్నాక ఒకే ప్రశ్న అడిగాడు. "ఆకు కోసేటప్పుడు నీకు ఎరికేనా?"

"లేదన్నా. జూన్‌ల తెలిసింది."

"తెలిసినంక గూడ నాకు జెప్పలే."

అంతే. మళ్లీ నాగలి పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి నాతో నేరుగా మాట్లాడటం మానేశాడు. ఏదైనా చెప్పాల్సి వస్తే వదిన వైపు తిరిగి, "వాన్ని తినుమను", "వాన్ని బస్టాండ్ కాడికి పొమ్మను" అనేవాడు. ఒకే చూరు కింద పక్కపక్క గదుల్లో ఉంటాం. బిందెలు అన్నే మోశాడు. కట్టెలు అన్నే కొట్టాడు. ఊళ్లో మగవాళ్లు బోరింగు దగ్గర నవ్వితే తల ఎత్తకుండా నీళ్లు కొట్టుకొని పోయేవాడు. వదిన బిళ్లలు పొద్దునవీ రాత్రివీ కలిసిపోకుండా నేను రెండు రంగుల గుడ్డతో చిన్న సంచులు కుట్టి ఇచ్చాను. అన్న వాటిని గోడకు మేకులు కొట్టి తగిలించాడు. వాటి గురించి కూడా నాతో ఏమీ అనలేదు.

ఊళ్లోవాళ్లు ఇప్పటికీ కాగితాలు తెస్తారు. నేను పేరూ తేదీ సరిగా ఉన్నాయా చూసి, డాక్టర్ ఏ వేళకు ఉంటాడో చెబుతాను. కొందరికి కోపం. ఇంత చదివి ఏం లాభం అని ఒకాయన మొహం మీదే అన్నాడు. చదవడం నేనేమీ మానలేదు. గుండె గురించి ఆ గ్రంథాలయంలో ఉన్నదంతా చదివేశాను. తెలిసినకొద్దీ, ఒక్క అంకె పట్టుకొని ఏమీ చెప్పలేమని అర్థమవుతోంది.

ఆరు నెలలకు మళ్లీ ఎకో తీయించాలి. పోయిన జనవరిలో ముగ్గురం వెళ్లాం. అన్న జగదల్‌పూర్‌కు రావడం అదే మొదలు. బస్సులో వదిన కిటికీ పక్క, అన్న ఆమె పక్క, నేను వెనక సీట్లో. డాక్టరమ్మ వదిన ఛాతీ మీద మిషన్ ముక్క ఆనించి, తెర మా వైపు తిప్పింది. అన్న దగ్గరికి వచ్చి వంగి చూశాడు. ముప్పై నాలుగేళ్లు కాపురం చేసిన మనిషి గుండె లోపల ఎలా కదులుతోందో చూస్తూ, రెప్ప వెయ్యలేదు. గోడలు కిందటిసారి కంటే కొద్దిగా గట్టిగా వస్తున్నట్టు నాకనిపించింది. అనిపించింది బయటికి చెప్పలేదు.

డాక్టరమ్మ కొలిచి, "ముప్పై ఎనిమిది" అంది.

నేను నోరు తెరవకముందే అన్న తన సంత హిందీలో సూటిగా అడిగాడు. "బచేగీ క్యా?" బతుకుతుందా అని.

డాక్టరమ్మ అన్న వైపు తిరిగి నిమిషం పైనే మాట్లాడింది. అన్న ఊ కొడుతూ విన్నాడు గాని, అది సంతలో వినిపించే హిందీ కాదు. ఆమె ఆగింది. అన్న కొంతసేపు నేల చూశాడు. తర్వాత తల ఎత్తి నా వైపు చూశాడు.

"ఏమన్నది? ఉన్నదున్నట్టు చెప్పు."

ఆరు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. చెప్పాను. మందులు పనిచేస్తున్నయి. గుండె కొంచెం తేరుకుంది, ఇంకా తేరుకోవచ్చు, ఇక్కడనే ఆగిపోవచ్చు గూడ. మామూలు గుండె అవుతదని చెప్పలేదు. ఎన్నేండ్లని అడగొద్దన్నది, తనకు తెల్వదంట. బిళ్లలు ఒక్క పూట గూడ ఇడువద్దు. బరువు ఎత్తొద్దు. మల్ల ఆరు నెలలకు రావాలె. ఏదైనా తేడా కనబడితే ఆరు నెలలు ఆగొద్దు.

"ఇంకేమన్నా అన్నదా?" అన్నాడు అన్న.

"లేదన్నా. గంతే."

అన్న తల ఊపాడు. డాక్టరమ్మకు దండం పెట్టాడు. వదిన మంచం మీద లేచి కూర్చొని, నర్సు ఇచ్చిన గుడ్డతో ఛాతీ మీది జిగట తుడుచుకుంటోంది.

"నా ముంగటనే అన్నీ మాట్లాడుకుంటున్నరు, నన్నొక్క మాటన్నా అడుగుతలేరు," అంది మా ఇద్దరినీ చూసి. "నాకు ఆకలైతుంది."